వాషింగ్ మెషీన్‌లో నీళ్లు వేడెక్కట్లేదా? "బోర్డు పోయింది" అంటే వెంటనే డబ్బులు కట్టకండి

ఏడువేల ఎనిమిది వందల యాభై రూపాయలు పోగొట్టుకుని రాస్తున్నాను. ఇంకొకరు ఇలా మోసపోకూడదని.

మాది నిజాంపేటలో ఫ్లాట్. ఫ్రంట్ లోడ్ మెషీన్ కొని మూడేళ్లు దాటింది, రెండేళ్ల వారంటీ అయిపోయింది. మోటారుకు పదేళ్లంటారు కానీ మోటారు పోవడం అరుదు, ఎక్కువగా పోయేది మిగతాదే. డిసెంబర్‌లో నాన్నగారు వచ్చి నెల ఉన్నారు. ఆయన పంచెలు 60 డిగ్రీల మీద వేసేదాన్ని. రెండుసార్లు నూనె మరకలు అలాగే ఉండిపోయాయి, డోర్ రబ్బరు మడతలో సబ్బు పొడి ముద్దలా మిగిలింది. అరగంట తిరిగాక డోర్ అద్దం మీద చెయ్యి పెడితే కుండలో నీళ్లలా చల్లగా ఉంది. మూడోసారి మధ్యలో ఆగిపోయి తెర మీద ఎర్రర్ వచ్చింది.

ఇక్కడే మొదటి తప్పు చేశాను. నెట్‌లో కంపెనీ పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ అని కొట్టి, పైన వచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. అసలు నంబరు మెషీన్ వెనక స్టిక్కర్ మీదా, వారంటీ కార్డు మీదా ఉంది. వారంటీ కార్డు బీరువాలో, చీరల కింద. ఎవరు వెతుకుతారు చెప్పండి.

సాయంత్రానికి కుర్రాడు వచ్చాడు. కంపెనీ లోగో ఉన్న టీషర్టు, మెడలో కార్డు, "మేడమ్" అంటూ మంచి మర్యాద. పై మూత తీసి టార్చి వేసి చూశాడు, లోపల వైర్లు అటూ ఇటూ కదిపాడు. కరెంటు పరీక్షించే మల్టీమీటరు బయటికి తీయనే లేదు. "బోర్డు పోయింది మేడమ్. కొత్తది 7,400, విజిటింగ్ 450. తొంభై రోజుల గ్యారంటీ" అన్నాడు. బోర్డంటే మెషీన్‌ని నడిపించే సర్క్యూట్. పాతది సైజు చూసుకోవడానికి తీసుకెళ్తానన్నాడు. అప్పుడు మా మరిది ఫోన్లో చెప్పిన ఒక్క మాటే తర్వాత నాకు పనికొచ్చింది: "వదినా, వాడు పట్టుకెళ్లేలోపు బోర్డు మీద స్టిక్కర్ ఫొటో తీసి పెట్టుకో." తీశాను. నంబరు స్పష్టంగా పడింది, స్టిక్కర్ కుడి మూల కొంచెం చిరిగి ఉంది.

ఐదు రోజులు బట్టలన్నీ చేత్తో ఉతికాను. ఆరో రోజు "కొత్త" బోర్డు వచ్చింది, బిగించాడు, నీళ్లు వేడెక్కాయి. డబ్బులు యూపీఐలో ఎవరిదో మనిషి పేరు మీద ఉన్న ఖాతాకు వెళ్లాయి. బిల్లు వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. రాలేదు. రెండు ఉతుకులు బాగానే నడిచింది, మూడోదానికి మళ్లీ చల్లనీళ్లే. ఫోన్ చేస్తే బిజీ, బిజీ, ఆ తర్వాత స్విచ్ఛాఫ్.

మా వీధి చివర మోటార్లు వైండింగ్ చేసే పెద్దాయన ఉన్నాడు. మెషీన్లు కూడా చూస్తాడని అప్పుడే తెలిసింది. వచ్చి మెషీన్ ముట్టుకోకముందే ఒక పని చెప్పాడు. అది మీరూ చేసుకోవచ్చు, స్క్రూ డ్రైవర్ అక్కర్లేదు. ఇంట్లో ఫ్రిజ్, గీజర్ అన్నీ ఆపి, మెషీన్ ఒక్కటే 60 డిగ్రీల మీద పెట్టి, సెల్లార్‌లో మన కరెంటు మీటరు ఎర్ర లైటు చూడమన్నాడు. మీటరు మీద యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. మాది 3200. హీటర్ దాదాపు 2000 వాట్లు లాగుతుంది కాబట్టి, అది పనిచేస్తుంటే పది సెకన్లలో పదిహేడు, పద్దెనిమిది సార్లు కొట్టుకోవాలి. నేను కింద మీటరు ముందు, మావారు పైన ఫోన్లో. పది సెకన్లకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. డ్రమ్ము తిరుగుతోంది, హీటర్‌కి కరెంటే పోవట్లేదు. వాచ్‌మన్ నన్ను చూసిన చూపు మాత్రం మర్చిపోలేను.

తర్వాత పెద్దాయన ప్లగ్గు పీకి, మెషీన్ తిప్పి, వెనక ప్లేటు తీశాడు. హీటర్ మీద ఉన్న వైర్లు ఊడదీసి మల్టీమీటరు పెట్టాడు: రెసిస్టెన్స్ 27 ఓమ్స్. 2000 వాట్ల హీటర్ అయితే ఇరవై ఆరు, ఇరవై ఏడు చూపించాలి, అంటే హీటర్ బాగానే ఉన్నట్టు. తెగిపోయి ఉంటే మీటరు అసలు ఏమీ చూపించదు. తర్వాత మల్టీమీటరు పుల్ల ఒకటి హీటర్ కాలి మీద, ఇంకోటి బాడీ మీద పెట్టి చూశాడు. అక్కడ ఏమీ చూపించకూడదు, చూపిస్తే కరెంటు లీకవుతున్నట్టు. అలాంటప్పుడు నీళ్లు కాగడం మొదలవగానే ఇంట్లో ట్రిప్పర్ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పడిపోతుంది. పక్కనే గుచ్చి ఉన్న వేడి కొలిచే సెన్సర్ తీసి, వేడి నీళ్ల గ్లాసులో ముంచితే ఓమ్స్ గబగబా తగ్గాయి. అదీ బాగుంది.

ఇక మిగిలింది వైరు. ఒక వైరు చివర ఉండే ఇత్తడి క్లిప్పు నల్లగా మాడిపోయి ఉంది, పైన ప్లాస్టిక్ తొడుగు కరిగి అప్పడంలా ముడుచుకుంది. వేలితో తాకితే అటూ ఇటూ ఊగింది. "గీ బోర్డుకేం కాలేదమ్మా. క్లిప్పు లూజైంది, గందుకే కాలింది" అన్నాడు. తొమ్మిది ఆంపియర్ల దగ్గర కరెంటు లూజు క్లిప్పులోంచి పోతే అక్కడే వేడెక్కుతుంది. టీషర్టు కుర్రాడు వైర్లు కదిపాడు కదా, అది కాసేపు అతుక్కుంది, రెండు ఉతుకులు నడిచింది. అంతే తప్ప ఆ బోర్డు మహిమేం కాదు. కాలిన ముక్క కోసేసి కొత్త క్లిప్పు నొక్కి బిగించాడు. మొత్తం 500.

అప్పుడు గుర్తొచ్చి, బోర్డు కూడా తీసి చూపించమన్నాను. ఫోన్లో ఫొటో పక్కన పెట్టి చూశాను. అదే నంబరు. అదే చిరిగిన మూల.

బోర్డు ఎప్పుడూ పోదని నేను అనట్లేదు. హీటర్‌కి కరెంటు వదిలే రిలే అనే స్విచ్ దాని మీదే ఉంటుంది, అది కూడా పాడవుతుంది. కానీ హీటరూ, వైర్లూ, సెన్సరూ మీటరు పెట్టి చూడకుండా బోర్డు అన్నవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేయండి. మార్చిన పాత సామాను మీ చేతికే ఇవ్వాలని ముందే చెప్పండి. కంపెనీ మనిషినన్నవాడికి జీఎస్టీ నంబరున్న బిల్లు లేకపోతే డబ్బు ఇవ్వకండి, మనిషి పేరు మీద ఉన్న యూపీఐకి అసలే వద్దు. ప్లగ్గు పీకకుండా మీరు మాత్రం ప్లేటు విప్పకండి, లోపల నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపేవాళ్లు ఈరోజే మానేయండి, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి.

ఇంకో సంగతి. మా హీటర్ మీద వేలిమందం సున్నం పేరుకుంది. బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు, ఇంకేమవుతుంది. తాగేనీళ్లలో కాఠిన్యం (కరిగిన సున్నం లాంటివి) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరక్కపోతేనే 600 వరకు ఫర్వాలేదని భారత ప్రమాణం. మన బోర్లు చాలాచోట్ల ఆ 200ని ఎప్పుడో దాటేశాయి. సున్నం పట్టిన హీటర్ వేడిని నీళ్లకి వదల్లేక తనే మాడిపోతుంది. రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి వేడినీళ్ల మీద తిప్పమన్నాడు పెద్దాయన. బ్లీచింగ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

అసలు కంపెనీకి ఫోన్ చేస్తే మా పేరు మీద ఫిర్యాదే నమోదు కాలేదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, సైబర్ మోసాల 1930కి రెండింటికీ చెప్పాను. ఫిర్యాదు నంబర్లు వచ్చాయి, డబ్బు రాలేదు. 1930కి చెప్పాలంటే మాత్రం నాలా వారాలు ఆగకండి, డబ్బు పోయిన గంటలోనే చెప్పండి.

నిన్న మావారి ఫోన్ నుంచి మళ్లీ ఆ నంబరుకే చేశాను. ఈసారి ఇంకో కంపెనీ పేరు చెప్పి, ఫ్రిజ్ చల్లబడట్లేదన్నాను. "అవును మేడమ్, ఆ కంపెనీ కస్టమర్ కేరే. అడ్రస్ చెప్పండి, సాయంత్రం మనిషి వస్తాడు" అన్నారు.