మొదటి ఎండ్యూరో పోటీకి ఫినాలేనా, ట్వీడ్ వ్యాలీనా?

కొండ సైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూడితే ఎండ్యూరో గురించి మాట వస్తుంది. ఎండ్యూరో మాట వస్తే ఇటలీలోని ఫినాలే లిగురె, స్కాట్లాండ్‌లోని ట్వీడ్ వ్యాలీ పేర్లు రాక తప్పదు. రెండు చోట్లా ఔత్సాహికుల విభాగంలో దిగి వచ్చాను కాబట్టి "మొదటిసారి పోటీ చేయడానికి ఏది మంచిది?" అని అడుగుతుంటారు. నా ఓటు ట్వీడ్ వ్యాలీకి. సరదాగా ఓ వారం తిరిగి రావాలంటే మాత్రం ఫినాలేకే పొమ్మంటాను.

కొత్తవాళ్ల కోసం ఆట సంగతి ముందు రెండు ముక్కల్లో. కొండ దిగే భాగాలకే టైము లెక్క, వాటిని స్టేజీలంటారు. ఒక స్టేజీ అయ్యాక తర్వాతి స్టేజీ మొదలయ్యే చోటిదాకా తొక్కుకుంటూనో తోసుకుంటూనో ఎక్కాలి. ఆ ఎక్కుడుకు పరుగు పందెం లేదు, చెప్పిన గడువులోగా చేరితే చాలు. స్టేజీల టైములన్నీ కూడితే వచ్చేదే ఫలితం. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో రూపు కట్టిన ఈ పద్ధతి, 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ మొదలయ్యాక ఎన్నో దేశాలకు పాకింది. ఆ తొలి సిరీస్‌లో పురుషుల్లో జెరోమ్ క్లెమెంట్జ్, మహిళల్లో ట్రేసీ మోస్లీ విజేతలు.

నన్నడిగితే ఈ ఆటలో రుచంతా టైము లెక్కలేని ఆ ఎక్కుడులోనే ఉంది. అందరూ ఒకేసారి బయల్దేరి ఎక్కుతూ దిగుతూ చుట్లు తిరిగే క్రాస్ కంట్రీలో పక్కవాడు ప్రత్యర్థి, వాడితో మాట్లాడేంత ఊపిరి కూడా మిగలదు. కొండ దిగడమే పోటీ అయిన డౌన్‌హిల్‌లో లిఫ్టు దిగడం, గేటు దగ్గర నిలబడటం, రెండు మూడు నిమిషాల్లో అయిపోవడం. ఎండ్యూరోలో మాత్రం ఏ ఊరివాడో తెలియని మనిషితో గంటసేపు పక్కపక్కనే తొక్కుతూ, టైర్లలో గాలి ఎంత పెట్టావు, కిందటి స్టేజీలో ఆ చెట్టు వేళ్ల మలుపు దగ్గర ఎటు పోయావు అని మాట్లాడుకుంటూ పోతాం. పైకి చేరేసరికి స్నేహం కుదిరిపోతుంది. స్టేజీ మొదట్లో వరుస కట్టేటప్పుడు మరో ముచ్చట చూడాలి. "నువ్వు నాకన్నా వేగం, ముందు పో" అని ఎవరికి వాళ్లే సర్దుకుంటారు. ముప్పై సెకన్లకో మనిషి చొప్పున వదులుతారు కాబట్టి, నెమ్మదైనవాడు ముందుంటే వెనకవాడి టైము పోతుంది. దారి మధ్యలో ఎవరైనా అందుకుంటే పక్కకి తప్పుకోవాలి, దాటినవాడు థ్యాంక్స్ చెప్పాలి. ఎవరైనా పడి లేవకపోతే ఆగాల్సిందే, ఆ టైము పోయినా సరే. ఈ మర్యాదలు తెలియనివాణ్ణి తర్వాతి ఎక్కుడులో ఎవరూ పలకరించరు. అంతకుమించిన శిక్ష అక్కర్లేదు కూడా.

ఇక చోట్ల సంగతి. ఫినాలే సముద్రం ఒడ్డునే ఉన్న ఊరు. రైలు దిగితే ఊళ్లో ఉన్నట్టే, జెనోవా నుంచైనా నీస్ వైపు నుంచైనా. పాతకోట గోడల లోపలి ఫినాల్‌బోర్గో సైకిళ్లవాళ్ల అడ్డా. ఊళ్లోంచి వ్యాన్ల మీద సైకిళ్లు కట్టి, వెయ్యి మీటర్ల ఎత్తున్న మెలోన్యో కనుమ దగ్గర పాడుబడ్డ నాటో స్థావరం దాకా తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి బీచ్ అనే చెట్ల అడవిలో మెత్తటి మట్టి మీద మొదలైన దారి దిగేకొద్దీ సున్నపురాయి అవుతుంది, చివరికి సముద్రం కనిపిస్తుంది. ఆ మార్పు చూసేందుకైనా ఒకసారి పోవాలి.

కానీ ఆ రాళ్లు! కత్తుల్లా ఉంటాయి, పైగా ఎండకి నున్నగా మెరుస్తాయి. పల్చటి టైర్లతో పోతే ప్రతి స్టేజీకీ గుండె దడే. లావు గోడల టైరు, లోపల ఫోమ్ ఇన్సర్టు, జేబులో పంచర్ ప్లగ్గులు, ఇవి లేకుండా అక్కడ పోటీకి నంబర్ ప్లేటు కట్టుకోవడం దండగ. ప్రాక్టీసు రోజున వ్యాన్లు ఉన్నాయి కదా అని దిగిందే దిగుతూ ఉంటే, మర్నాడు పోటీలో ఎక్కేటప్పుడు కాళ్లు మొరాయిస్తాయి. చేతులు ముందే పోతాయి, బ్రేకు పట్టి పట్టి. ఫినాలేలో కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

సేవల విషయంలో మాత్రం ఫినాలేకి సాటి లేదు. చక్రం వంకరపోయినా, బ్రేకుల్లో గాలి చేరినా సాయంత్రం ఇస్తే పొద్దున్నకి చేతిలో పెట్టే మెకానిక్కులు ఉన్నారు. బసలు కూడా సైకిళ్లవాళ్ల కోసమే అన్నట్టు ఉంటాయి: తాళం ఉన్న గది, కడగడానికి నీళ్ల పైపు, రిపేరు స్టాండు. అన్నీ అలా ఉండవు లెండి. నేను దిగిన ఒక చోట "సైకిళ్లకి ప్రత్యేక గది" అని రాసుకున్నారు, తీరా చూస్తే మెట్ల కింద జాగా. తాళం లేదు. రాత్రంతా సైకిల్ని మంచం పక్కనే పెట్టుకున్నాను. బుక్ చేసేముందు ఆ గది ఫోటో అడగండి. సముద్రం కనిపించే కిటికీ కన్నా అది ముఖ్యం.

ట్వీడ్ వ్యాలీ వేరే లోకం. పీబుల్స్, ఇన్నర్‌లీథన్ అని రెండు చిన్న ఊళ్లు, మధ్యలో నది, చుట్టూ అడవి గుట్టలు. అక్కడికి రైలు లేదు. ఎడిన్‌బరో నుంచి బస్సులోనో కారులోనో రావాలి, పెద్ద సైకిల్ సంచి ఉంటే కారే నయం. ఒకప్పటి రైలు పట్టాల దారి ఇప్పుడు రెండు ఊళ్ల మధ్య సైకిల్ బాట అయింది. అందుకే ఏ ఊళ్లో దిగినా ఫర్వాలేదు, పొద్దున్నే కాళ్లు వేడెక్కడానికి అదే సరిపోతుంది.

పీబుల్స్ పక్కన గ్లెంట్రెస్‌లో గుర్తులు పెట్టి, చక్కగా కట్టిన దారులున్నాయి. అసలు పరీక్ష ఇన్నర్‌లీథన్ పైనున్న గోల్ఫీ అనే గుట్ట దారుల్లో. నిట్టనిలువు జారుడు, తడి చెట్ల వేళ్లు, నల్ల మట్టి. బ్రేకు గట్టిగా పట్టినా జారుతావు, వదిలినా భయమే. 2014లో వరల్డ్ సిరీస్ ఈ లోయకి వచ్చినప్పటి నుంచి ఈ గుట్టలకి పేరు పెరిగింది. ఇక్కడ ప్రాక్టీసులోనూ తొక్కుకుంటూనే పైకి పోవడం అలవాటు, కాబట్టి పోటీ రోజున ఓపిక ఎంత మిగుల్చుకోవాలో ముందే తెలిసిపోతుంది. పడినా మట్టిలోనే పడతాం. రాయి మీద పడటానికీ దానికీ చాలా తేడా ఉంది. నా ఓటు ఇటు పడటానికి ముఖ్య కారణం ఇదే.

ఇంకోటి, ఇక్కడ పోటీ వాతావరణం ఊరివాళ్ల వ్యవహారంలా ఉంటుంది. స్టేజీ పక్కన వానలో నిలబడి గంటలు మోగించే జనం, దారి పక్కన కాపు కాస్తూ చివరివాడు దిగేదాకా కదలని మార్షళ్లు. వారాంతాల్లో పారలు పట్టుకుని దారులు బాగుచేసేవాళ్లే పోటీ రోజు నంబర్లు కట్టుకుని వస్తారు. బస ఎంచుకునేటప్పుడు ఒక్కటే చూడండి, బట్టలూ బూట్లూ ఆరబెట్టే వేడి గది ఉందా లేదా అని. అది లేకపోతే రెండో రోజు తడి మోకాలి ప్యాడ్లు తొడుక్కోవాలి, ఆ బాధ పగవాడికి కూడా వద్దు. వేసవిలో మిడ్జెస్ అనే చిన్న దోమల్లాంటి పురుగులు కూడా ఉంటాయి, ఆగితే పీక్కుతింటాయి.

ఫ్రాన్స్‌లోని ఆల్ప్ దుయెజ్‌లో జరిగే మెగావలాంష్ పోటీ గురించి కూడా అడుగుతుంటారు. 3,300 మీటర్ల ఎత్తున పిక్ బ్లాంక్ శిఖరం దగ్గర మంచు మీద వందలమందిని ఒక్కసారే వదులుతారు. చూడటానికి బ్రహ్మాండం. కానీ అందరూ ఒకేసారి దూకే పోటీలో కబుర్లకి తావెక్కడ? నాకు పడదు.

నెలల విషయానికొస్తే ఫినాలేకి వసంతం, శరత్తు మంచివి. నడివేసవిలో ఎండా, బీచికి వచ్చే జనమూ రెండూ భరించలేం. ఇటలీలో పోటీ అంటే ఫిట్‌గా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. ఫారం ముందే తెప్పించుకుని సంతకం పెట్టించుకుని వెళ్లండి, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఆ టెన్షన్ వద్దు.