ఒకే టికెట్టు, ఒకటే వాన, డన్‌కర్క్

2017 జులైలో రెండు రోజుల ట్రైనింగ్ ఉందని ఆఫీసువాళ్లు ఖమ్మం నుంచి హైదరాబాద్ పంపారు. శనివారం నాలుగున్నరకే వదిలేశారు. బస్సేమో ఆదివారం పొద్దున. బాబాయి వాళ్లకి ఫోన్ చేస్తే భోజనానికి రమ్మంటారు, వెళ్తే పచ్చడి సీసాలు కట్టిచ్చే దాకా కదలనివ్వరు. అందుకే ఊళ్లో ఉన్నట్టే చెప్పలేదు. ఇది వాళ్ల కంటపడితే నాకు మూడినట్టే.

లక్డీకాపూల్‌లో దిగిన లాడ్జి పేరు చెప్పను. ఆన్‌లైన్ ఫొటోలో పెద్ద కిటికీ ఉంది. అది నిజమే. కానీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో. ఏసీ రిమోట్ కౌంటర్లో అడిగి తెచ్చుకోవాలి. దుప్పట్లు మాత్రం ఉతికినవే, బాత్రూమ్‌లో వాసన లేదు. ఒక్కడికి ఒక రాత్రికి చాలు. పిల్లలతో అయితే వద్దు.

డన్‌కర్క్ అనే ఇంగ్లిష్ సినిమా ముందురోజే రిలీజైంది. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. "ఒక్కరే వెళ్లి ఏం చూస్తారండీ?" అంది. యుద్ధం సినిమా అన్నాను. "అయితే వెళ్లిరండి, నేను తప్పించుకున్నా" అని నవ్వింది.

ఒంటరిగా వెళ్లడంలో ఉన్న సుఖం టికెట్ బుక్ చేసేటప్పుడే తెలిసింది. ప్రసాద్స్ పెద్ద తెర హాల్లో ముందు రెండు వరసలు తప్ప అంతా నిండిపోయింది. నడిమి వరసలో మాత్రం రెండు కుటుంబాల మధ్య ఒక్క సీటు మిగిలిపోయి ఉంది. అది నాకోసమే అన్నట్టు. జీఎస్టీ వచ్చి అప్పటికి మూడు వారాలు. అప్పట్లో టికెట్టు వంద దాటితే 28 శాతం పన్ను, వంద లోపైతే 18. ఒక్క టికెట్టే కాబట్టి ఆ లెక్క పెద్దగా నొప్పి అనిపించలేదు, నలుగురితో వెళ్తే కచ్చితంగా అనిపించేది.

బయటికి రాగానే వాన. ఆటో అతనితో ప్రసాద్స్ అంటే ఒక్క క్షణం చూసి "ఐమాక్స్ అనండి సార్" అన్నాడు. ఆ పేరు హాలు మీద నుంచి పోయి కొన్నేళ్లైనా ఆటోవాళ్ల నోట్లో నుంచి పోలేదు. ఉన్నది రెండు మూడు కిలోమీటర్లే, అడిగింది వంద. డెబ్భైకి ఒప్పుకున్నాడు. మెట్రో పనులకి రోడ్డు సగం తవ్వి రేకులు అడ్డం పెట్టారు, దానికి తోడు వాన నీళ్లు. అర కిలోమీటరు ముందే దిగి నడిచాను. ఇప్పుడు వెళ్లేవాళ్లకి ఆ బాధ లేదు. ఖైరతాబాద్ మెట్రోలో దిగి అక్కణ్నుంచి ఆటో పట్టుకుంటే చాలు.

తడిసిన చొక్కాతో ఏసీ హాల్లో కూర్చోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. జేబురుమాలు పిండి మెడకి చుట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను ఓసారి ఎగాదిగా చూసి, మా ఇద్దరి మధ్య ఉన్న చేతిపిడి మీంచి చెయ్యి తీసేసుకున్నాడు.

తెర అప్పట్లో 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు. తర్వాత దాన్ని మార్చేశారు, కాబట్టి నేను చెప్పేది పాత తెర సంగతి. ఆ సినిమాకి ఆ ఎత్తు అవసరమే. దర్శకుడు నోలన్ దాన్ని ఎక్కువ భాగం ఐమాక్స్ కెమెరాలతో, అంటే పెద్ద తెర కోసం పెద్ద ఫిల్ము వాడే కెమెరాలతో తీశాడు. ఇసుక తీరంలో వరసలు కట్టి ఓడ కోసం నిలబడ్డ సైనికులు, పైన ఖాళీ ఆకాశం. విమానం చప్పుడు దూరంగా మొదలవగానే అందరూ ఒకేసారి తల పైకెత్తుతారు. మా వరసలోనూ ఇద్దరు ముగ్గురు ఎత్తారు. నేనూ ఎత్తాను.

కథ క్లుప్తంగా ఇదీ. 1940 మే నెలలో జర్మన్లు ఫ్రాన్స్ ఉత్తర తీరంలో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలని సముద్రం అంచుకి నెట్టేశారు. మే 26 నుంచి జూన్ 4 దాకా మూడు లక్షల 38 వేల మందిని ఇంగ్లండుకి చేర్చారు. లోతు లేని తీరానికి పెద్ద ఓడలు రాలేవు కాబట్టి జనం సొంత పడవలు కూడా వెళ్లాయి. సినిమాలో రేవుగట్టు మీద వారం, పడవలో ఒక రోజు, విమానంలో ఒక గంట, ఈ మూడు కథల్నీ నోలన్ కలిపి అల్లేశాడు. మొదటి పావుగంట నాకు తికమకగానే ఉంది. పక్కన ఎవరైనా ఉంటే "ఇదేంటి, ఇందాక పగలు కదా?" అని అడిగి వాళ్ల సినిమా కూడా చెడగొట్టేవాణ్ని. మాటలు చాలా తక్కువ, కాబట్టి ఇంగ్లిష్ యాసకి భయపడక్కర్లేదు. అయితే నేపథ్యంలో గడియారం ముల్లు టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. ఆ టెన్షన్‌కి చేతిలో పాప్‌కార్న్ మెత్తబడిపోయింది.

గంటా నలభై ఆరు నిమిషాల సినిమాకి ఇంటర్వెల్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. మన దేశంలో అదో ఆచారం. మునిగిపోతున్నవాణ్ని నీళ్లలోనే వదిలేసి మేమంతా సమోసాల లైన్లో నిలబడ్డాం.

నాకు ఎక్కువగా గుర్తున్నది ఒక చిన్న ముక్క. ఓడ ఎక్కిన కుర్రాళ్లకి కింద గదిలో జామ్ రాసిన రొట్టె ముక్కలు, టీ ఇస్తారు. ఆవురావురుమంటూ తింటుంటారు. ఒకడు మాత్రం లోపలికి రాకుండా తలుపు బయటే ఉండిపోతాడు. ఎందుకన్నది కాసేపటికే తెలుస్తుంది.

ఒక లోటు మాత్రం ఖమ్మం తిరిగొచ్చాక పేపర్లో చదివి తెలుసుకున్నాను. అప్పటికి బ్రిటిష్ సైన్యం దాదాపు పూర్తిగా మోటార్ల మీదకి మారిపోవడంతో సామాన్లు మోయడానికి మన దేశం నుంచి నాలుగు కంచరగాడిదల దళాలు ఫ్రాన్స్ వెళ్లాయట. వాటిలో ఒక దళం జర్మన్లకి చిక్కింది. మిగతా మన జవాన్లలో చాలామంది అదే తరలింపులో బయటపడ్డారు, కంచరగాడిదల్ని మాత్రం వదిలేసి రావాల్సి వచ్చింది. సినిమాలో వాళ్ల జాడ లేదు. అంత పెద్ద తెర మీద ఒక మూలనైనా కనిపించాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

బయటికొచ్చేసరికి వాన తగ్గింది. హుస్సేన్ సాగర్ వైపు నుంచి గాలి, గాలితో పాటు ఆ వాసన కూడా. సాగర్ ఒడ్డున తిండి దుకాణాలుండే ఈట్ స్ట్రీట్ దాకా వెళ్దామనుకున్నా గానీ తడి చెప్పులతో ఓపిక లేకపోయింది. దారిలో ఓ బండి దగ్గర ఎగ్ దోసె తిన్నాను. రుచి మామూలే, కానీ ఆ పూట మొత్తం మీద నేను తిన్న వేడి పదార్థం అదొక్కటే. రాత్రిపూట తిరుగు ఆటో నూట ఇరవై అన్నాడు, బేరం ఆడలేదు. పెద్ద హాలు దగ్గర షో వదిలాక అడిగినంతా ఇవ్వాల్సిందే, లేదా పదినిమిషాలు నడిచి మెయిన్ రోడ్డెక్కాలి.

లాడ్జి షట్టరు సగం దించేసి ఉంది. కౌంటర్లో కుర్రాడు బల్ల మీద తల పెట్టి పడుకున్నాడు. తాళం ఇస్తూ ఏ సినిమా అని అడిగాడు. చెప్పాను.

"హీరో ఎవరు సార్?"

ఆలోచించాను. "హీరో అంటూ ఎవరూ లేరు. అందరూ ఇంటికి పోవాలని చూస్తుంటారు."

"మరి కథేంటి?"

"అదే."

నమ్మలేదు. ఏసీ రిమోట్ నా ముందు పెట్టి, "పొద్దున ఆరు నుంచి ఏడింటి దాకే వేడినీళ్లు సార్, బస్సుంటే ముందే లేవండి" అని మళ్లీ తల వాల్చేశాడు.