బ్లాక్ లేబులా, గ్లెన్‌ఫిడిచ్చా: బెజవాడ ఎండలో ఏది బెటరు?

ఈమధ్య మా బెజవాడ పార్టీల్లో ఒకటే గోల, సింగిల్ మాల్ట్ విస్కీ తెచ్చినోడు గొప్పోడు, బ్లెండ్ విస్కీ తెచ్చినోడు పిసినారి అన్నట్టు మాట్లాడుతున్నారు. నాకిది అస్సలు నచ్చట్లేదు. 2024 అక్టోబర్‌లో ప్రైవేట్ వైన్ షాపులు మళ్లీ వచ్చాక మంచి సరుకు దొరుకుతోంది కదా, అందుకే బ్లెండ్ అయిన జానీ వాకర్ బ్లాక్ లేబులూ, సింగిల్ మాల్ట్ అయిన గ్లెన్‌ఫిడిచ్ 12 పక్కపక్కన పెట్టుకుని తాగి రాస్తున్నా.

రెండూ స్కాచ్‌లే, అంటే స్కాట్లాండ్ విస్కీలు, రెండూ పీపాల్లో కనీసం 12 ఏళ్లు ఊరినవే. బాటిల్ మీద వేసే వయసు లోపలున్న విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదానిది, బ్లెండ్‌కైనా ఇదే రూలు. సింగిల్ మాల్ట్‌లో ఏదీ కలపరనుకుంటారు గానీ గ్లెన్‌ఫిడిచ్ వాళ్లు కూడా బర్బన్ (అమెరికా విస్కీ) పోసిన పాత పీపాల్లోదీ షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాల్లోదీ కలిపే పోస్తారు, కాకపోతే అంతా ఒకే డిస్టిలరీది, అంతా బార్లీ మాల్టే, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసిందే. బ్లెండ్‌లో వేరే వేరే డిస్టిలరీల మాల్టులతో పాటు గ్రెయిన్ విస్కీ (గోధుమ, మొక్కజొన్న లాంటి గింజలతో చేసేది) ఉంటుంది, అదీ స్కాట్లాండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఊరాల్సిందే. అసలు 1963లో గ్లెన్‌ఫిడిచ్ వాళ్లు సింగిల్ మాల్ట్‌ని బయటి దేశాల్లో గట్టిగా అమ్మడం మొదలెట్టేదాకా మాల్ట్‌లో ఎక్కువ భాగం బ్లెండ్లలోకే పోయేది.

ఇక రుచి. గ్లెన్‌ఫిడిచ్ ఏసీ గదిలో, ఐస్ లేకుండా, నాలుగు చుక్కల నీళ్లతో తాగితే సూపరు, బేరిపండు వాసన, కొంచెం తేనె, చివర్లో చెక్క ఘాటు. కానీ మనోళ్లు గ్లాసు నిండా ఐస్ వేసి సోడా కొట్టి పక్కన గుంటూరు కారం పట్టించిన కోడి వేపుడు పెట్టుకుంటారు, ఆ దెబ్బకి బేరిపండూ లేదు తేనే లేదు, అంత డబ్బు పెట్టి కొన్నది సోడాలో కలిసిపోతుంది, నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది. బ్లాక్ లేబుల్‌లో స్కాట్లాండ్‌లోని ఐలా దీవి మాల్టుల పొగ వాసన ఉంది చూశారూ, అది సోడాకి లొంగదు, కారానికీ లొంగదు. మే నెలలో మేడ మీద కూర్చున్నప్పుడు ఇంతకన్నా మంచిది నాకు తగల్లేదు.

ఒక్కరే తీరిగ్గా కూర్చుని తాగేవాళ్లు గ్లెన్‌ఫిడిచ్ కొనుక్కోండి, డబ్బులకి న్యాయం జరుగుతుంది. నలుగురైదుగురు ఉండి నంజుకునే స్టఫ్ బలంగా ఉంటే బ్లాక్ లేబులే, ధరా తక్కువే. గిఫ్ట్ ఇవ్వాలంటే మాత్రం ఆయన సోడా పోసుకుంటారో నీళ్లు పోసుకుంటారో ముందు కనుక్కుని, అప్పుడు షాపుకెళ్లండి.