అడవిలో రోడ్డుకు కంచె, అండర్‌పాస్, రిఫ్లెక్టర్, ఈల: ఏది కొనాలి, ఏది వద్దు

అడవి మీదుగా కొత్త రోడ్డు వేసేటప్పుడు గానీ, పాత రోడ్డును వెడల్పు చేసేటప్పుడు గానీ జంతువుల రక్షణ కోసమని అమ్మే సామాను చాలానే ఉంది. బండి ముందు బిగించే ఈల, బండి దీపాల వెలుగును అడవి వైపు తిప్పేలా రోడ్డు పక్కన నాటే రిఫ్లెక్టర్, జంతువును పసిగట్టి హెచ్చరిక దీపం వెలిగించే సెన్సర్, కంచె, జంతువులు రోడ్డు కింద నుంచి దాటే అండర్‌పాస్. అన్నిటి మీదా ఒకే మాట రాసి ఉంటుంది, ప్రమాదాలు తగ్గుతాయని. మా తీర్పు ముందే చెబుతున్నాం. డబ్బు కంచె, అండర్‌పాస్ జంట మీద పెట్టండి. ఆ రెంటినీ విడదీయకండి.

ప్రపంచంలో జరిగిన అధ్యయనాలను కలిపి 2016లో ఒక విశ్లేషణ చేశారు. పెద్ద క్షీరదాల విషయంలో కంచె, దాటుదారి (జంతువుల కోసం రోడ్డు కిందో పైనో కట్టే దారి) కలిసి ఉన్నచోట రోడ్డు మీద చావులు 83 శాతం తగ్గాయి. సెన్సర్ వ్యవస్థలతో 57 శాతం తగ్గాయి. రిఫ్లెక్టర్లతో తగ్గింది 1 శాతం. కంచె లేకుండా దాటుదారి ఒక్కటే కట్టిన చోట్ల చావులు తగ్గిన దాఖలా దొరకలేదు. కారణం తేలికే. కట్ట ఎక్కి నేరుగా దాటే వీలున్నప్పుడు జింక పనిగట్టుకుని అండర్‌పాస్ వెతుక్కుంటూ పోదు.

ఈలల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వీటిలో చాలావరకు 16 నుంచి 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర మోగుతాయి. తెల్లతోక జింక చెవి బాగా పనిచేసేది 4 నుంచి 8 కిలోహెర్ట్‌జ్ మధ్య. పైగా ఈల చప్పుడు టైర్ల రొదలో కలిసిపోతుంది. ఒకవేళ వినబడినా, అది ఎటు పరిగెత్తాలో జంతువుకు చెప్పదు. కొనకండి. రిఫ్లెక్టర్లు పగలు ఎందుకూ పనికిరావు. రాత్రిపూట కూడా వాటి వెలుగుకు జంతువులు త్వరలోనే అలవాటు పడతాయి. ఇక ఎర్ర రంగువి అయితే, ఎరుపు జింక కంటికి సరిగా ఆనదు.

సెన్సర్ వ్యవస్థకు ఒక చోటు ఉంది. వాహనాలు తక్కువగా తిరిగే, కంచె వేయడం కుదరని చిన్న ముక్క రోడ్డుకు అది నప్పుతుంది. రోడ్డు వెంబడి కిరణం ప్రసరించి, జంతువు అడ్డొచ్చి అది తెగితే దీపం వెలిగించే రకం కొంటే గడ్డి పెరిగినప్పుడల్లా తప్పుడు హెచ్చరిక వస్తుంది. మలుపులోనూ పల్లంలోనూ జంతువు కిరణానికి అందదు. తప్పుడు హెచ్చరికలు నాలుగైనాక డ్రైవర్లు దీపాన్ని పట్టించుకోవడం మానేస్తారు. అన్నిటికన్నా పెద్ద లోపం, జంతువు ఇంకా రోడ్డు మీదుగానే దాటుతోంది. రోజుకు పది వేల వాహనాలు తిరిగే రోడ్డు చాలా జంతువులకు దాదాపు గోడే, దాని దరికే రావు. అలాంటి చోట సెన్సర్ పసిగట్టేందుకు ఏమీ మిగలదు. ఈ మాట లెక్కలు రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. చావులు తగ్గాయంటే రోడ్డు సురక్షితమైందని అర్థం కాకపోవచ్చు. అటువైపు జంతువులు ఇటు రావడం పూర్తిగా మానేసి ఉండవచ్చు.

ఇక కంచె. పెద్ద జంతువులకు 2.4 మీటర్ల ఎత్తు కావాలి. 1.8 మీటర్లతో సరిపెడితే జింక దూకేస్తుంది. కంచె జాలీని గుంజలకు అడవి వైపు కట్టించండి. జంతువు తోసినప్పుడు బరువు గుంజ మీద పడాలి. రోడ్డు వైపు కడితే ఆ బరువంతా మేకుల మీద పడి అవి ఊడివస్తాయి. పని పూర్తయిందని చూపించే ఫొటోల్లో ఈ తేడా కనబడదు, దగ్గరికెళ్లి చూడాల్సిందే. అడుగున మరో జాలీ అతికించి, అడవి వైపుకు మీటరు నుంచి మీటరున్నర దాకా ఏటవాలుగా పాతించాలి. లేకపోతే అడవిపంది, నక్క, తోడేలు తవ్వుకుని వస్తాయి. ఒక్కటి తవ్విన కన్నంలోంచి మిగతావన్నీ దూరతాయి. కుందేలు, ముంగిస లాంటి చిన్న ప్రాణుల కోసం నేల నుంచి అర మీటరు పైకి సన్నకన్ను జాలీ వేయించాలి.

కంచె ఎక్కువగా విఫలమయ్యేది చివర్ల దగ్గర. జంతువు కంచె వెంబడి నడిచి, అది అయిపోయిన చోట రోడ్డెక్కుతుంది. 5 కిలోమీటర్ల కన్నా పొట్టి కంచెలు చావులను సగటున 53 శాతమే తగ్గించాయి, అదీ ఒక్కో చోట ఒక్కోలా. 5 కిలోమీటర్లు దాటినవి మామూలుగా 80 శాతానికి పైగా చావులు తగ్గించాయి. అందుకని ముక్కలు ముక్కలుగా వేసే కంచెకు ఒప్పుకోకండి. రెండు వైపులా ఒకదానికొకటి ఎదురుగా ముగించండి. వీలైతే ఆ ముగింపు వంతెన దగ్గరో, నిటారు కొండ అంచు దగ్గరో ఉండాలి. లోపల చిక్కుకున్న జంతువు బయటపడడానికి రోడ్డు వైపు నుంచి మట్టి ర్యాంపు పోసి, అడవి వైపు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నిలువు గోడ వదలాలి. ఎత్తు తగ్గితే బయటివి లోపలికి ఎక్కుతాయి, పెరిగితే లోపలివి దూకడానికి జంకుతాయి. పక్క దారులు కలిసే చోట ఇనుప కమ్మీల గుంట గిట్టల జంతువులను ఆపుతుంది కానీ, ఎలుగుబంటినీ చిరుతనూ ఆపదు.

అండర్‌పాస్ కొలతలు చూసేటప్పుడు వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అని మాత్రమే అడిగితే మోసపోతారు. వెడల్పును ఎత్తుతో గుణించి పొడవుతో భాగించండి. జింకలకు ఆ అంకె కనీసం 0.6 ఉండాలని పాత కొలత. 7 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు, 40 మీటర్ల పొడవు ఉంటే 0.7 వస్తుంది, ఫరవాలేదు. అదే పెట్టెను మరో రెండు లేన్ల కోసం 60 మీటర్లకు పొడిగిస్తే 0.47కు పడిపోతుంది. ఆ చివర వెలుతురు ఓ చిన్న చతురస్రంలా మాత్రమే కనబడుతుంది, జింక గుమ్మం దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతుంది. రోడ్డు వెడల్పు చేసే పనుల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. పాత అండర్‌పాస్ ఉంది కదా అని కొత్తది కట్టరు, ఉన్నదేమో సొరంగమైపోతుంది.

అన్ని జంతువులకూ ఒకే కొలత చాలదు. కెనడాలోని బాన్ఫ్ జాతీయ ఉద్యానంలో 6 పైదారులు, 38 అండర్‌పాస్‌లు ఉన్నాయి. గ్రిజ్లీ ఎలుగు, ఎల్క్, మూస్ అనే పెద్ద జింకలు వెడల్పైన, ఆకాశం బాగా కనబడే దారులు ఎంచుకున్నాయి. నల్ల ఎలుగు, ప్యూమా అనే పెద్దపిల్లి ఇరుకైన దారులను ఇష్టపడ్డాయి. అక్కడ ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అలవాటు పడడానికి కొన్ని జంతువులకు నాలుగైదేళ్లు పట్టింది. మొదటి ఏడాది కెమెరాలో ఎవరూ కనబడలేదని దారి మూసేయడం తొందరపాటు. మన దేశంలో పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ జాతీయ రహదారి కింద 50 నుంచి 750 మీటర్ల దాకా వెడల్పున్న 9 దారులు కట్టారు. 2019లో కెమెరాలకు పులులతో సహా 18 రకాల జంతువులు చిక్కాయి. వందల మీటర్ల మేర రోడ్డును స్తంభాల మీద లేపితే కింద అడవి నేల అలాగే మిగులుతుంది. ఈ జాబితాలో మేము మనసారా మెచ్చుకునేది అలాంటి కట్టడాన్నే.

లోపలి నేల మట్టిదే కావాలి. కాంక్రీటు వద్దు, గిట్టలకు నొప్పి పుట్టించే రాళ్లు అసలే వద్దు. గోడ వారగా మొద్దులు, కొమ్మలు వరసగా పేర్చితే చిన్న ప్రాణులు చాటు చూసుకుని దాటుతాయి. వాగు పారే తూము అయితే నీటి మట్టం పైన అర మీటరు గట్టు కట్టాలి. లోపల దీపాలు పెట్టకూడదు. మనుషుల కాలిబాట, పశువుల దారి అందులోంచి పోనివ్వకూడదు. పైన రోడ్డు అంచున గోడలు లేకపోతే లారీల రొద, వెలుగు కింద గుమ్మం దాకా వస్తాయి.

కట్టే రోజుల్లో జరిగే నష్టం టెండరు కాగితాల్లో తరచూ కనబడదు. కంచె ముందు వేసి దాటుదారి తరవాత తెరిస్తే ఆ మధ్యకాలమంతా అడవి రెండు ముక్కలే. దాటుదారి ముందు తెరవాలి, కంచె ఆఖరున వేయాలి. రాత్రికి తెరిచి వదిలిన ప్రతి గోతిలోనూ ఏటవాలు పలక పెట్టించండి, తెల్లారి యంత్రం దించే ముందు లోపల వెతికించండి. పొద్దుగూకే వేళా తెల్లవారే వేళా పేలుళ్లు, తవ్వకాలు ఆపించండి. క్షీరదాల సంఖ్య తగ్గడం రోడ్డు నుంచి 5 కిలోమీటర్ల దాకా కనబడిందని 2010లో వచ్చిన ఒక విశ్లేషణ చెబుతోంది. ఏ కంచే ఆ దూరాన్ని తగ్గించలేదు. దాన్ని తగ్గించగలిగింది రోడ్డును అడవి పక్కకు మళ్లించడమే, అందుకే మొదట అడగాల్సింది అదే.

ఒప్పందంలో నిర్వహణ ఎవరిదో రాయించుకోండి. వాన వెలిశాక కంచె వెంబడి నడిచి కూలిన చెట్లు, కొట్టుకుపోయిన మట్టి చూడాలి. తీగలు కోయించాలి, అండర్‌పాస్‌లో నిలిచిన నీరు తోడించాలి. చచ్చిన జంతువును రోడ్డు మీద నుంచి వెంటనే తీయించాలి, లేకపోతే దాన్ని తినడానికి వచ్చిన నక్క, దుమ్ములగొండి కూడా చస్తాయి. కెమెరాలు రోడ్డు తెరవడానికి ముందు నుంచే పెట్టించాలి. పని మొదలుకాక ముందు అక్కడ ఏమేం తిరిగేవో లెక్క లేకుండా, ఆ తరవాత వచ్చిన ఫొటోలు ఎన్నున్నా వాటిని దేనితోనూ పోల్చలేరు.