ఇంట్లో చుట్టుకున్న మీడియం వేవ్ లూప్ యాంటెన్నా: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఒంగోలులో మా పక్కింటి డాబా మీదికి సోలార్ ప్యానెళ్లు వచ్చిన నాటి నుంచి, పగటిపూట ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని 837 కిలోహెర్ట్జ్ మీద వినడం మాకు కష్టమైపోయింది. ఎండెక్కగానే, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే వాటి ఇన్వర్టర్ రొద రేడియోలో మొదలై పొద్దు వాలేదాకా సాగేది. కరెంటు పోతే ఆ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది కాబట్టి, కరెంటు లేని వేళల్లో మాత్రమే మా బ్యాటరీ రేడియో శుభ్రంగా పలికేది.

ఈ కేంద్రం తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అందులో సగం పొడవున్న తీగను యాంటెన్నాగా కట్టే జాగా మాకెక్కడిది? అందుకే అరవై సెంటీమీటర్ల భుజంతో చతురస్రాకారపు చెక్క చట్రం చేయించి, దాని చుట్టూ పన్నెండు చుట్లు తీగ చుట్టి, పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌ను (తిప్పితే రేకులు కదిలి కేంద్రాన్ని పట్టిచ్చే భాగాన్ని) కలిపాను. రేడియోకు తీగ కలపనక్కరలేదు. రేడియో లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ చట్రం ముఖానికి లంబంగా ఉండేటట్టు దగ్గర పెడితే చాలు.

కేంద్రం గట్టిగా వినిపిస్తుందని మాత్రమే ఆశించాను. నన్ను ఆనందపరిచింది మరొకటి. చట్రం అంచు కేంద్రం వైపు ఉంటే సంకేతం బలంగా అందుతుంది. చట్రం ముఖం ఏ దిక్కుకు తిరిగితే ఆ దిక్కు నుంచి వచ్చే తరంగం రెండు నిలువు పక్కలనూ ఒకేసారి తాకడం వల్ల వాటిలో పుట్టే వోల్టేజీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మాకు విజయవాడ ఈశాన్యంలోనూ, పక్కిల్లు ఆగ్నేయంలోనూ ఉన్నాయి. మొదటి రోజు మధ్యాహ్నం రేడియోతో సహా చట్రాన్ని మెల్లగా తిప్పుతుండగా, ఒకచోట రొద ఒక్కసారిగా అణిగి అనౌన్సరు గొంతు స్పష్టంగా వినిపించింది. వంటింట్లోంచి అమ్మ "కరెంటు పోయిందా?" అని అడిగింది. అమ్మ అడిగిన ఆ మాట నాకు ఈనాటికీ అపురూపమే.

రెండో ఏడు కార్తీకంలో, వారం రోజుల ముసురు తర్వాత, గ్యాంగ్ తిప్పుతుంటే చిటపటలు వచ్చి, కొన్నిచోట్ల కేంద్రమే మాయమయ్యేది. తీగ తెగిందేమోనని చుట్లన్నీ విప్పి మళ్లీ చుట్టాను, ఫలితం లేదు. చివరికి గ్యాంగ్ రేకుల మధ్య చేరిన దుమ్ము, తేమ వల్ల అవి ఒకదానికొకటి అంటుకుంటున్నాయని మల్టీమీటర్ చూపింది. మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, వంగిన ఒక రేకును సరిచేశాక మళ్లీ పనిచేసింది. అప్పటి నుంచి దాని మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తున్నాను.

ఏ రొదనైనా ఇది ఆపుతుందని తొలి రోజుల్లో మిత్రులకు చెప్పాను. అంత మాట అనకూడదు. మా హాల్లో ఒక ఎల్‌ఈడీ బల్బు వేస్తే, దాని రొద ఇంటి వైరింగంతా పాకి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి ఎటు తిప్పినా పోదు. రాత్రివేళ అయనావరణం (ఆకాశంలో చాలా ఎత్తున ఉండి రేడియో తరంగాలను వెనక్కి వంచే పొర) నుంచి వంగి దిగివచ్చే దూరపు కేంద్రాలు కూడా పూర్తిగా అణగవు. కేంద్రం మార్చినప్పుడల్లా గ్యాంగ్‌ను మళ్లీ సరిచేసుకోవాలి.

పక్కిల్లు ఈశాన్యంలో ఉండి ఉంటే రొదతోపాటు విజయవాడ కూడా అణిగిపోయేది, అప్పుడు ఈ చట్రాన్ని ఇంతగా మెచ్చుకునేవాణ్ని కాదేమో. మీ ఇంటి రొద ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియాలంటే, చట్రం చేయించడానికి ముందు రేడియోనే ఒకచోట ఉంచి మెల్లగా చుట్టూ తిప్పి చూడండి. మా రేడియోను అలా తిప్పితే రొద కొంత తగ్గింది గానీ, విజయవాడ గొంతు స్పష్టంగా వినిపించేంతగా కాదు; మీ ఇంట్లో అదొక్కటే సరిపోతుందేమో.