మూరెడు దూరం దాటితే ఫ్లాష్ ఆపేయండి: నీటి అడుగున ఆరేళ్ళ ఫొటోల అనుభవం

2020 జనవరిలో అండమాన్ వెళ్ళినప్పుడు మా అమ్మాయికి ఏడేళ్ళు. హేవ్‌లాక్ దీవిలో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ఎలిఫెంట్ బీచ్ దగ్గర మొదటిసారి మాస్క్ పెట్టుకుని నీళ్ళలోకి చూసింది. ఒక చిలకచేప సరిగ్గా తన ముందునుంచి వెళ్ళింది. నేను పక్కనే ఉండి వరసపెట్టి ఫొటోలు తీశాను. మధ్యాహ్నం మూడు దాటింది, మబ్బు కూడా పట్టింది. ఫ్లాష్ ఆటోలో ఉండిపోవడంతో ప్రతిసారీ వెలిగింది. రాత్రి రూమ్‌లో చూసుకుంటే అన్ని ఫొటోల్లోనూ మంచు కురిసినట్టు తెల్లచుక్కలు. పిల్ల ముఖం, చేప రెండూ వాటి వెనక మసకగా ఉన్నాయి. బిడ్డ మొదటి చేప ఫొటో అలా పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని సముద్రానికి వెళ్ళే ఇంకెవరికీ అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

నేను వాడేది ఒలింపస్ టీజీ-6 అనే చిన్న కెమెరా. 2019 చివర్లో కొన్నాను. హౌసింగ్ (నీరు చొరబడకుండా కెమెరాకి తొడిగే పెట్టె) లేకుండానే 15 మీటర్ల లోతు వరకు తట్టుకుంటుంది. స్నార్కెలింగ్‌కీ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిపైన తేలి చూడటానికి), చిన్న డైవ్‌లకీ అది చాలు. వెలుగును బాగా లోపలికి తీసుకునే ఎఫ్/2 లెన్స్, రా ఫైల్ (కెమెరా పట్టిన వివరాలన్నీ కుదించకుండా దాచే ఫొటో ఫైల్), నీటి అడుగున వాడే మోడ్‌లు అన్నీ ఉన్నాయి. ఈ ఆరేళ్ళలో నేను చేసిందల్లా ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్ళ బకెట్‌లో కాసేపు నానబెట్టి తుడవడం, బ్యాటరీ తలుపు మూసేముందు రబ్బరు సీల్ మీద ఇసుక రేణువుగానీ వెంట్రుకగానీ ఉందేమో చూడటం, ఏడాదికోసారి సీల్ మార్పించడం. ఇప్పటిదాకా లోపలికి చుక్క నీరు రాలేదు.

ఇక వెలుగు సంగతి. నీరు ముందుగా మింగేది ఎరుపునే. ఐదారు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఇంకా కిందికి వెళ్తే పసుపు. చివరికి మిగిలేవి ఆకుపచ్చ, నీలం. చాలామంది లోతు ఒక్కటే చూస్తారు కానీ, వెలుగు నీళ్ళలో నడిచే దారి మొత్తం లెక్కే. మూడు మీటర్ల లోతులో ఉన్న చేపను మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే, ఎండ చేప దాకా మూడు, అక్కడి నుంచి కెమెరా దాకా ఇంకో మూడు, ఆరు మీటర్ల నీటిని దాటి రావాలి. అందుకే లోతు తక్కువైనా దూరం నుంచి తీసిన ఫొటో నీలంగా వస్తుంది. దీనికి ఖర్చులేని మందు ఒక్కటే, దగ్గరికి వెళ్ళడం.

ఫ్లాష్‌కీ ఇదే లెక్క. దాని వెలుగు చేప దాకా వెళ్ళి వెనక్కి రావాలి. చిన్న కెమెరాలో ఉండే ఫ్లాష్ నీళ్ళలో మీటరు దాటితే పనికిరాదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది అది లెన్స్ పక్కనే ఉండటం. నీళ్ళలో తేలే సన్నటి ఇసుక, నలుసులు కెమెరాకీ చేపకీ మధ్య ఉంటాయి కదా, ఆ వెలుగు వాటి మీద పడి నేరుగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది. డైవర్లు దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. అరకు ఘాట్‌లో పొగమంచు ఉన్నప్పుడు కారు హైబీమ్ వేసి చూడండి, రోడ్డు కనపడదు, తెల్లటి గోడే కనపడుతుంది. నీళ్ళలోనూ అంతే.

అలాగని ఫ్లాష్ పనికిరానిది కాదు. 2022లో హేవ్‌లాక్‌లోనే 11 మీటర్ల లోతులో ఉన్నాం. నా భార్య చేతికి గుడిలో కట్టిన ఎర్రతాడు ఉంది. అక్కడ అది కంటికి దాదాపు నల్లగా కనపడింది. జానెడు దూరం నుంచి ఫ్లాష్ లేకుండా ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి తీశాను. మొదటిదాంట్లో నల్లతాడు, రెండోదాంట్లో కుంకుమంత ఎరుపు. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాకే నాకు విషయం పూర్తిగా బోధపడింది. అప్పటినుంచి నా కొలత మూర. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్న పగడం, నక్షత్రచేప, బండ సందులో దాక్కున్న చిన్న రొయ్య, వీటికి ఫ్లాష్ వాడతాను. ఆటో కాకుండా ప్రతిసారీ వెలిగేలా ఫిల్-ఇన్‌లో పెడతాను, ముందు డిఫ్యూజర్ (వెలుగును పరిచి మెత్తబరిచే తొడుగు) తగిలిస్తాను. అంతకు మించిన దూరానికి ఆఫ్. దూరాన్ని కంటితో అంచనా వేయకండి, మాస్క్‌లోంచి చూస్తే ఏదైనా ఉన్నదానికంటే పావువంతు దగ్గరగా కనపడుతుంది. చెయ్యి చాపడం కొలతకే, పగడాన్ని మాత్రం తాకకూడదు.

మనుషుల ఫొటోలకు నా ఓటు ఎప్పుడూ ఎండకే. ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు, సూర్యుడు బాగా పైన ఉన్నప్పుడు నీళ్ళలోకి ఎక్కువ వెలుగు దిగుతుంది. పొద్దు వాలితే చాలా వెలుగు నీటి పైనుంచే జారిపోతుంది. అండమాన్‌లో జనవరిలో సాయంత్రం ఐదున్నర లోపే సూర్యాస్తమయం అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నం బోటు ఎక్కితే ఆలస్యమైనట్టే. ఎండ మీ వీపు మీద పడేలా ఉండండి. పైనుంచి కిందికి తీయకుండా, మీరు కాస్త కిందికి దిగి ఎదురుగా తీయండి. లోతు మారినప్పుడల్లా తెల్లటి పలకనుగానీ ఇసుకనుగానీ చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా చేసే రంగుల సర్దుబాటు) సెట్ చేయండి. అరనిమిషం పని, తేడా మాత్రం చాలా ఎక్కువ. రా ఫైల్ కూడా తీసిపెట్టుకుంటే ఇంటికొచ్చాక రంగు ఇంకొంచెం సరిచేసుకోవచ్చు. కానీ పూర్తిగా పోయిన ఎరుపును ఏ యాప్ కూడా తిరిగి తేలేదు.

2025 మార్చిలో మళ్ళీ అదే ఎలిఫెంట్ బీచ్‌కి వెళ్ళాం. పదకొండు గంటలు, రెండు మీటర్ల లోతు, ఫ్లాష్ ఆఫ్. అమ్మాయి చర్మం రంగు, వెనకాల చిలకచేప ఒంటిమీది ఆకుపచ్చ, గులాబి అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో గోడమీద ఉంది.

లెన్స్ ముందు పెట్టే రెడ్ ఫిల్టర్ కూడా కొన్నాను. ఐదు నుంచి పదిహేను మీటర్ల మధ్య, బాగా ఎండ ఉంటే పనిచేస్తుంది. పైపైన స్నార్కెలింగ్‌లో పెడితే ఫొటో అంతా ఎర్రబారిపోతుంది. పైగా ఉన్న వెలుగులో కొంత తినేస్తుంది. ఫ్లాష్ వేసేటప్పుడు తీసేయాలి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు అవసరమని నేను అనుకోను. ఫిల్టర్‌కి పెట్టే డబ్బు చిన్న వాటర్‌ప్రూఫ్ టార్చ్‌కి పెట్టండి. దాన్ని ఎడమచేత్తో పక్కకు చాపి పట్టుకుంటే వెలుగు వాలుగా పడుతుంది, చుక్కలు తగ్గుతాయి, ఫొటో ఎలా వస్తుందో ముందే కనపడుతుంది కూడా.

మొదటిసారి స్కూబా చేస్తుంటే ఇవేవీ పెట్టుకోవద్దు. చాలాచోట్ల మొదటి డైవ్‌కి కెమెరా ఇవ్వరు, ఫొటోలు వాళ్ళే తీస్తారు. అది మంచిదే. శ్వాస మీద ఉండాల్సిన ధ్యాస బటన్ల మీదికి వెళ్తే టెన్షన్ పెరుగుతుంది.

నీళ్ళు తేటగా లేని రోజున మాత్రం ఆశ తగ్గించుకోవాలి. 2023 డిసెంబరులో విశాఖ రుషికొండ దగ్గర దిగితే మూడు మీటర్ల అవతల ఏమీ కనపడలేదు. ఫ్లాష్ వేస్తే చుక్కలు, వేయకపోతే పచ్చటి మసక. ఒక బండకు అంటుకున్న చిన్న పీతను బెత్తెడు దూరం నుంచి, టార్చ్ పక్కకు పట్టుకుని తీశాను. ఆ రోజు మొత్తానికి నిలిచింది ఆ ఒక్క ఫొటోనే, దాని కాళ్ళ మీది నారింజ గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి.