జర్మన్ క్లాసు: మేడమ్‌కి నాలుగు స్టార్లు, ఆఫీసుకి ఒకటిన్నర

ఆరు నెలలుగా బెంగళూరు కోరమంగళలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌కి శని ఆదివారాలు జర్మన్ క్లాసుకి వెళ్తున్నాను, మొదటి లెవెల్ ఎ1 అయిపోయి రెండోది ఎ2 నడుస్తోంది. తిట్టాల్సింది కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

విశేషణాల దగ్గర మనవాళ్ళు బోర్లా పడటానికి కారణం మనకి అసలు ఆ బాధే లేకపోవడం. మంచి కాఫీ, మంచి కాఫీని, మంచి కాఫీతో, ఏది అన్నా 'మంచి' కదలదు. జర్మన్‌లో అలా కుదరదు. 3 లింగాలు, పైన బహువచనం, 4 విభక్తులు, మళ్ళీ ముందు 'డేర్' (ఇంగ్లీషు 'ద' లాంటి ఆర్టికల్) ఉంటే ఒక పట్టిక, 'ఐన్' ('ఒక') ఉంటే ఇంకోటి, ఏమీ లేకపోతే మూడోది, మొత్తం 48 గళ్ళు. యూట్యూబ్ చూసి ఎక్కాల్లా బట్టీ పట్టాను కానీ నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు.

మా మేడమ్ ఆ పట్టికంతా బోర్డు మీద వేసి, మేము ఫోన్లు తీసేలోపే చెరిపేశారు. "లింగం ఏదో ఆర్టికల్, విశేషణం ఇద్దరిలో ఒకరు చెప్పాలి, అంతే" అన్నారు. డేర్ గూటె కఫే అంటే, పుంలింగమని 'డేర్' ముందే చెప్పేసింది, ఇక 'గూట్'కి (మంచి) ఒక 'ఎ' తగిలిస్తే చాలు. 'ఐన్' పుంలింగానికీ వస్తుంది, నపుంసకానికీ వస్తుంది, కాబట్టి ఆ పని విశేషణం మీద పడి ఐన్ గూటర్ కఫే, ఐన్ నోయెస్ (కొత్త) ఔటో అవుతాయి. (వాళ్ళ ఔటో అంటే కారు. మన ఆటో అయితే ఏ విభక్తిలోనూ మీటర్ మీద రాదు.) అన్న మాట్లాడితే తమ్ముడు తలూపుతాడు, అన్న నోరు మెదపకపోతే తమ్ముడే చెప్పుకుంటాడు, నా బుర్రకి అలా ఎక్కింది. డేటివ్‌లో (మన 'కి, కు' లాంటి విభక్తి) ముందు ఆర్టికల్ ఉంటే కళ్ళు మూసుకుని 'ఎన్'. డేర్ కఫే ఇస్ట్ గూట్ (కాఫీ బాగుంది) అన్నప్పుడు అసలు తోకే అక్కర్లేదు, ఆ ఒక్క చోట మాత్రం మనలాంటివాళ్ళే.

ఇక తిట్లు. 12 మంది అని చెప్పి 26 మందిని కూర్చోబెట్టారు. రెండు గంటల్లో నాకు మాట్లాడే వంతు రెండుసార్లు వస్తే గొప్ప. తప్పిపోయిన క్లాసు రికార్డింగ్ పంపుతామన్నారు, ఇప్పటికీ రాలేదు. పుస్తకం డబ్బులు వేరేగా కట్టాలన్న సంగతి ఫీజు కట్టాకే తెలిసింది. నా పక్కన కూర్చునే నెల్లూరు అమ్మాయి నర్సు, జర్మనీ వెళ్ళాలని నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తుంది, ఆమె రాసిచ్చిన వర్క్‌షీట్లు మూడు వారాలుగా దిద్దకుండా టేబుల్ మీదే ఉన్నాయి.

క్లాసయ్యాక ఇద్దరం కింద దర్శిని టిఫిన్ హోటల్లో ప్రాక్టీస్ చేస్తాం. మొన్న "ఇష్ ట్రింకె ఐనెన్ గూటెన్ కఫే (నేను ఒక మంచి కాఫీని తాగుతాను), కరెక్టేనా అన్నా?" అని అడిగింది. కరెక్టే. కౌంటర్‌లో అతను మాత్రం స్ట్రాంగా, లైటా అన్నాడు.

బి1కి అప్పుడే డబ్బు కట్టమంటున్నారు. మేడమ్ కోసం కడతాను, కానీ ముందు గదిలో కుర్చీలు లెక్కపెట్టుకుని.